చెవులు రిక్కించిన కొండగుఱ్ఱము

*కొయ్యూరు మన్యములో మనిషి, గుఱ్ఱము, పక్షి ఒకరినొకరు గమనించుకొని బ్రదుకు తీరు ఎట్టిది? కొండలకు బాటలు వచ్చుచున్న ఈ వేళ ఆ విద్యను నిలుపుకొనుట ఎట్లు?*

తూరుపు కనుమల వాలులపై మంచు ఇంకను విడిపోలేదు. ఒకవంక గండశిలలు, మఱియొకవంక లోయ, నడుమ ఇరుకుబాట. ఆ బాటను కొయ్యూరు దిక్కునకు దిగుచు, వీపున ఇరుప్రక్కల రెండు గోనెమూటలు వ్రేలాడుచుండగా ఒక పొట్టి గోధుమవన్నె గుఱ్ఱము నడచి వచ్చుచున్నది. మూటలలో చింతపండు, కరక్కాయలు. వానిపై అడ్డముగా కట్టిన కొండచీపుళ్లు. ముందు పగ్గము వదులుగా పట్టుకొని ఒక వృద్ధుడు, వెనుక పదేండ్ల మనుమడు. వాగు దగ్గరకు వచ్చునప్పటికి గుఱ్ఱము ఉన్నపాటున నిలిచిపోయినది. మెడ పైకెత్తినది, చెవులు రెండును ముందునకు నిక్కినవి, ముక్కుపుటములు విప్పారినవి, ముంగాలు ఒకటి నేలను తాకియు తాకక నిలిచినది.

“తాతా, ఎందుకు ఆగిపోనాది?”

“దానికేటో ఇనపడిందిరా. నువ్వు గమ్మునుండు.”

ఆవలిగట్టు పొదలపైనుండి పసులపోలిగాడు కఱకుగా కూసెను. ఆ పిమ్మట ఎండుటాకులపై బరువైన అడుగుల చప్పుడు వినవచ్చి, క్రమముగా దూరమై, పూర్తిగా అణగిపోయెను. ఎలుగుబంటియో, అడవిపందియో తన దారిని తాను పోయినది. అప్పుడు గుఱ్ఱపు ఎడమచెవి మెల్లగా వెనుకకు తిరిగి వృద్ధుని వైపు నిలిచినది, తల వాలినది, పెదవులు నమలుచున్నట్లు కదలినవి. అంతదాక ఆ వృద్ధుడు పగ్గమును లాగలేదు, చర్నాకోలు ఎత్తలేదు, కేకవేయలేదు. గుఱ్ఱము తానుగా నీటిలో అడుగుపెట్టిన పిమ్మటనే తానును అడుగుపెట్టెను.

పక్షి కూతను గుఱ్ఱము విన్నది. గుఱ్ఱపు చెవులను వృద్ధుడు చూచెను. వృద్ధుని ముఖమును మనుమడు చూచెను. మన్యమునందు బ్రదుకు నేర్పు విద్య అంతయు ఈ గమనింపులోనే ఇమిడియున్నది.

బాట వచ్చుచున్నది

నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఏ సంతకు పోయినను బాటల మాటయే వినవచ్చును. 2025 ఏప్రిల్ నెలలో డుంబ్రిగుడ మండలములోని పెదపాడున ‘అడవితల్లి బాట’ కార్యక్రమము ప్రారంభమైనది మొదలు, ఏ కొండకు రోడ్డు పడినది, ఏ గ్రామము మిగిలిపోయినది, ఏ వాగుపై వంతెన రావలసియున్నది అను ప్రసంగములే పెద్దలకు ప్రధానమైనవి. రోగిని, నిండుచూలాలిని డోలీలో కట్టి మోసికొని క్రోసులకొలది కొండ దిగవలసిన దురవస్థను అనుభవించిన గ్రామములకు రోడ్డు అనునది ప్రాణముతో ముడివడిన విషయము. అది రావలెనని కోరని మన్యవాసి లేడు. కోరని మైదానవాసి ఉండరాదు.

అయితే బాట రాకతోపాటు మఱియొక మార్పు చడీచప్పుడు లేక జరుగుచున్నది. ఇన్నాళ్లు బాటలేని చోట బండియై, తోడై నిలిచిన గుఱ్ఱము కొండలనుండి క్రమముగా తప్పుకొనుచున్నది. ఇది మన్యమునకే పరిమితమైన మార్పు కాదు. 2012లో దేశము మొత్తము మీద సుమారు 6.2 లక్షలున్న గుఱ్ఱములు, పొట్టిగుఱ్ఱములు 2019 నాటి 20వ పశుగణనలో 3.4 లక్షలకు దిగిపోయినవి. ఏడేండ్లలో సగమునకు సమీపముగా తరిగిన ప్రాణి, వేలయేండ్లుగా మనుష్యునితో నడచిన ప్రాణి. అది పోవునప్పుడు దానితోపాటు ఏమి పోవునో ఆలోచింపవలసిన సమయమిది.

మోతగాడు, తోడుగాడు

మన్యపు గుఱ్ఱము పందెపు మైదానములలో పరుగెత్తు గుఱ్ఱము వంటిది కాదు. అది పొట్టిది, గట్టి గిట్టలు గలది, తక్కువ మేతతో తృప్తిపడునది. ఎడ్లు దుక్కికి కావలెను; పైగా జత యెడ్లు నడువవలెనన్న బాట వెడల్పు కావలెను. మనిషి ఒక్కడు మాత్రమే పట్టు కాలిబాటపై, వానకు జారు మట్టిపై, రాతిమెట్లపై బరువుతో ఎక్కి దిగగలిగినది గుఱ్ఱమే. కొండ దిగునప్పుడు మిరియాలు, కాఫీ గింజలు, పసుపు, అడ్డాకులు, చింతపండు. కొండ ఎక్కునప్పుడు ఉప్పు, బియ్యము, నూనె, ఇంటికప్పునకు రేకులు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ డిపోలకు చేరు అటవీఫలములలో ఈ వీపులపై దిగివచ్చినవి ఎన్నియో గలవు. పాడేరు ప్రాంతమున బాటలేని ఒక కొండయూరి బడికి ఉపాధ్యాయుడు గుఱ్ఱమెక్కి పోవుచున్న వార్త కొన్నియేండ్ల క్రిందట పత్రికలలో వచ్చినప్పుడు, పట్టణవాసులు దానిని వింతగా చదివిరి. కొండవారికి మాత్రము అది దినచర్య.

గుఱ్ఱము గల ఇంట దానికి స్థానము పశువులలో ఒకటిగా కాక, ఇంటివారిలో ఒకరిగా ఉండుట సహజము. సంతనుండి తిరిగివచ్చిన రాత్రి, తాము తినుటకు ముందే దానికి నీరు చూపుట, నానబెట్టిన ఉలవలు పెట్టుట, వీపుపై మూట ఒరసిన చోట చేయి వేసి వేడిగా ఉన్నదేమో తడవి చూచుట – ఇవి ఎవరును నేర్పక ఇంటిపిల్లలు చూచి నేర్చుకొను పనులు. ఆ తడవి చూచుటలో గొప్ప వైద్యము గలదు. మోతగుఱ్ఱమునకు మొదట వచ్చు బాధ వీపుపుండు. చర్మము వేడెక్కి వెండ్రుకలు నలగిన నాడే మూట సర్దినచో పుండు రాదు. ఆ దినము అశ్రద్ధ చేసినచో నెలల తరబడి ఆ గుఱ్ఱము పనికిరాదు.

> మోతకు హద్దు గలదు
>
> • బరువు మోయు పశువులపై క్రూరత్వమును నివారించుటకై 1965లో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము పొట్టిగుఱ్ఱముపై వేయదగిన బరువు 70 కిలోలు; గాడిదపై 50 కిలోలు; కంచరగాడిదపై 200 కిలోలు.
>
> • దినమునకు 9 గంటలకు మించి పని చేయింపరాదు. విశ్రాంతి లేక ఎడతెగకుండ 5 గంటలకు మించి నడిపింపరాదు.
>
> • ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటు చోట మధ్యాహ్నము 12 మొదలు 3 గంటల వఱకు పని చేయింపరాదు.

రాజుల గుఱ్ఱము, కొండల గుఱ్ఱము

తెలుగుదేశములో గుఱ్ఱపు చరిత్ర ఎక్కువగా సముద్రము దాటి వచ్చిన గుఱ్ఱముల చరిత్ర. అరబ్బీ, పారశీక దేశములనుండి ఓడలలో వచ్చిన మేలుజాతి అశ్వములకై దక్షిణాపథ రాజులు కోశాగారములను కుమ్మరించిరి. పదమూడవ శతాబ్దమున దక్షిణదేశపు తీరములను గూర్చి వ్రాసిన మార్కోపోలో, ఏటేట కొన్న గుఱ్ఱములలో పెక్కు చచ్చిపోవుచుండెననియు, వానిని సాకుట తెలిసినవారు ఇక్కడ లేకపోవుటయే అందులకు కారణమనియు చెప్పెను. విజయనగర చరిత్రను వ్రాసిన పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్, సాళువ నరసింహరాయలు గుఱ్ఱములను ఎంత ఆదరముతో కొనెడివాడో వర్ణించుచు, నడిసముద్రమున చచ్చిన గుఱ్ఱమునకు సైతము తోకను తెచ్చి చూపినచో బ్రదికిన గుఱ్ఱపు వెలయే ముట్టెడిదని వ్రాసెను. అశ్వముల సుడులను, వన్నెలను, గుణదోషములను వర్ణించు ‘హయలక్షణ విలాసము’ వంటి గ్రంథమును మనుమంచిభట్టు తెలుగుపద్యములలో రచించుటకు కారణము ఈ ఆదరమే.

కొండగుఱ్ఱమును గూర్చి ఏ ఆస్థానకవియు పద్యము చెప్పలేదు. కాని రాజుల గుఱ్ఱములు నిలువలేని నేలపై అది నిలిచినది. దానిని సాకు విద్య గ్రంథమెక్కలేదు గాని చేతినుండి చేతికి వచ్చినది. శ్రీకాకుళపు కొండలలోని సవరల గోడచిత్రములలో గుఱ్ఱమెక్కిన రౌతులు వరుసలు తీరి కనబడుదురు. గిరిజనుల ఊహలో గుఱ్ఱమునకు గల గౌరవమునకు ఆ చిత్రములే సాక్ష్యము.

కొయ్యూరు పేరు విన్నంతనే తెలుగువాని మనస్సున మెదలునది 1924 మే 7వ తేది. మంప దగ్గర పట్టుబడిన అల్లూరి సీతారామరాజును కొయ్యూరునకు తెచ్చి, విచారణ లేక చెట్టునకు కట్టి కాల్చి చంపిన దినమది. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. బాల్యమునుండియు గుఱ్ఱపుస్వారీలో ప్రవీణుడని ప్రసిద్ధుడైన ఆ వీరుడు, 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలను వరుసగా ముట్టడించినప్పుడు, ఆ తిరుగుబాటు వెనుక నున్న బాధలలో బాటపని బాధ ఒకటి. గూడెపు డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ మన్యవాసులను నిర్బంధించి, చాలీచాలని కూలితో రోడ్లు వేయించెను. ఆనాటి బాట దొరల అధికారము కొండ ఎక్కుటకై వేసినది. నేటి బాట కొండవారి వైద్యమునకు, చదువునకు, సరకునకు వేయబడుచున్నది. ఒకే నేలపై నూఱేండ్లలో బాట అర్థము ఇంతగా మారుట సంతోషింపదగినది. ఈ నూఱేండ్లును బాట చేరని గ్రామమునకు దిక్కై నిలిచినది గుఱ్ఱము.

భయమే జ్ఞానమైన ప్రాణి

గుఱ్ఱపు ప్రవర్తనమునకంతకు మూలము ఒక్కటే: అది వేటాడు జంతువు కాదు, వేటాడబడు జంతువు. కొమ్ములు లేవు, కోఱలు లేవు. ముప్పును అందఱికంటె ముందు కనిపెట్టి పరుగెత్తుటయే దాని రక్షణము. అందులకై ప్రకృతి దాని శరీరమునంతను ఒక కాపలాశాలగా నిర్మించినది. భూమిపై తిరుగు క్షీరదములలో అతిపెద్ద కన్నులు గలవానిలో గుఱ్ఱము ఒకటి. ఆ కన్నులు తలకు ఇరుప్రక్కల ఉండుటచే అది తల తిప్పకయే తన చుట్టును దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. కనబడనివి రెండే చోట్లు: నుదుటికి ఎదురుగా అతిసమీపము, తోకకు సరిగా వెనుక. తెలిసినవాడు వెనుకనుండి చప్పుడు లేక రాడు. ప్రక్కనుండి, మాటాడుచు, చేయి వీపుపై ఆనించుచు వచ్చును. కొండ పిల్లలకు పెద్దలు నేర్పు మొదటిపాఠము ఇదియే.

చెవులు ఒకదానితో ఒకటి సంబంధము లేక వేఱువేఱు దిక్కులకు తిరుగగలవు. మనుష్యుడు వినగల ధ్వనులకు పైహద్దు సుమారు 20 కిలోహెర్ట్జులు కాగా, గుఱ్ఱము 33 కిలోహెర్ట్జుల వఱకు వినగలదు. చెవి ఎటు తిరిగినదో మనస్సును అటు తిరిగినది. రెండు చెవులును ముందునకు నిక్కినచో శ్రద్ధ. ఒకటి ముందునకు, ఒకటి వెనుకకు అయినచో దారిని, యజమానిని ఏకకాలమున కనిపెట్టుచున్నదని అర్థము. రెండును వెనుకకు మెడకు అంటుకొన్నచో కోపము, దగ్గరకు రావలదను హెచ్చరిక. ప్రక్కలకు వ్రేలాడినచో నిద్రమత్తో, జబ్బో. ఈ నాలుగు స్థితులను గుర్తించినవానికి గుఱ్ఱముతో సగము మాటలు వచ్చినట్లే.

గుఱ్ఱము నిలిచి నిద్రించునని అందఱెఱిగినదే. వెనుకకాలి మోకాటిచిప్ప ఎముకపై తగులుకొని బిగిసిపోవు అమరిక ఒకటి ఉండుటచే కండరములకు శ్రమ లేక అది నిలువగలదు. అయినను గాఢమైన కలలనిద్ర నిలిచియుండగా పట్టదు. అందులకై దినమున కొంతసేపైనను అది నేలపై పండుకొనక తీరదు. ఆ పండుకొనుటకు దానికి ధైర్యము కావలెను. మందలో ఒకటి నిలిచి కాపుగాయుచుండగా మిగిలినవి పండుకొనును. ఒంటరిగా కట్టివేసిన గుఱ్ఱము భయముచే రోజుల తరబడి పండుకొనక, నిలిచినచోటనే తూలి మోకాళ్లపై కూలుట గలదు. గుఱ్ఱమునకు మేత ఎంత అవసరమో తోడును అంతే అవసరము.

తోడు దొరకినప్పుడు అవి ఒకదాని మెడమొదలు మఱియొకటి పండ్లతో మెల్లగా గోకుకొనును. ఆ చోట గోకినప్పుడు గుఱ్ఱపు గుండెవేగము తగ్గునని 1993లో ఫ్రాన్సు పరిశోధకులు కొలిచి చూపిరి. మన్యపు రైతు గుఱ్ఱమును ఊరడింపదలచినప్పుడు చేయి వేయునది సరిగా అక్కడనే.

> గుఱ్ఱమును గూర్చి మఱికొన్ని విశేషములు
>
> • గుఱ్ఱము వాంతి చేసికొనలేదు. చెడిన మేత తిన్నచో కడుపునొప్పి ప్రాణాంతకము కావచ్చును.
>
> • నోటితో శ్వాసింపలేదు; ముక్కుతోనే శ్వాసించును.
>
> • ఎఱుపు, ఆకుపచ్చ రంగులను వేఱుపఱచుట దానికి కష్టము; నీలము, పసుపు చక్కగా కనబడును.
>
> • గర్భము సుమారు 11 నెలలు. పుట్టిన పిల్ల గంట రెండు గంటలలోనే లేచి నిలుచును.
>
> • నేటి పెంపుడు గుఱ్ఱములన్నిటి మూలము వోల్గా, డాన్ నదుల దిగువప్రాంతమున, సుమారు 4,200 సంవత్సరముల క్రిందట వ్యాపింపసాగిన ఒక జాతి అని 2021లో వెలువడిన జన్యుపరిశోధన తేల్చినది.

ముఖము చదివిన గుఱ్ఱము

ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలో బెర్లిను నగరమున విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అను ఉపాధ్యాయుని గుఱ్ఱము ఒకటి లోకమునంతను విస్మయపఱచినది. దాని పేరు హాన్స్. కూడికలు, తీసివేతలు అడిగినచో గిట్టతో నేలను తట్టి సరియైన సమాధానము చెప్పెడిది. 1904లో పండితుల సంఘమొకటి పరీక్షించి, ఇందు మోసమేదియు లేదని ప్రకటించినది. ఆ పిమ్మట ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అను యువశాస్త్రజ్ఞుడు మఱింత ఓర్పుతో పరీక్షించి 1907లో అసలు రహస్యమును బయటపెట్టెను. ప్రశ్న అడిగినవానికే జవాబు తెలియనప్పుడు, లేక అడిగినవాడు గుఱ్ఱమునకు కనబడనప్పుడు, హాన్స్ తప్పుచుండెను. సరియైన సంఖ్య దగ్గఱపడగానే అడుగువాని తల తనకే తెలియకుండ వెండ్రుకవాసి కదలుచుండెను; గుఱ్ఱము ఆ కదలికను కనిపెట్టి తట్టుట మానుచుండెను.

అది విని ఆనాటివారు కొందఱు నిరాశ చెందిరి. నిజమునకు ఆశ్చర్యము అప్పుడే మొదలుకావలసినది. అంకగణితము గుఱ్ఱమునకు అక్కఱలేని విద్య. ఎదుటివాని శరీరమున అతడే ఎఱుగని సూక్ష్మచలనమును చదువుట దానికి జీవరక్షకమైన విద్య; అందులో అది పండితులను మించినది. 2016లో ఇంగ్లండునందలి ససెక్స్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు గుఱ్ఱములకు మనుష్యుల ముఖచిత్రములను చూపగా, కోపముఖము చూచినప్పుడు వాని గుండె త్వరగా వేగమందుకొన్నదనియు, ఆ ముఖమును అవి ఎడమకంటితో చూడజూచినవనియు తేలినది. 2018లో ఆ పరిశోధకులే మఱియొక మెట్టు ఎక్కిరి: ఒకని కోపపు చిత్రమును చూచిన గుఱ్ఱము, కొన్ని గంటల పిమ్మట అతడే శాంతముగా ఎదుట నిలిచినను జంకుచుండెను.

ఈ మాట మన్యపు రైతునకు చెప్పినచో ఆశ్చర్యపడడు. కోపముతో ఉన్నవాడు గుఱ్ఱము దగ్గరకు పోరాదని అతనికి తెలియును. దారిలో ఒకచోట జారిపడిన గుఱ్ఱము మరుసటియేడు అక్కడికి వచ్చి ఆగుననియు, ఒకనాడు కొట్టినవానిని ఏండ్లు గడచినను మఱువదనియు తెలియును. నేర్చిన పాఠమును గుఱ్ఱములు ఆరేడు సంవత్సరముల పిమ్మటను జ్ఞాపకముంచుకొనగలవని ప్రయోగములును చూపినవి. అందుచేతనే కొండదారిని మంచు మూసినప్పుడు బుద్ధిమంతుడైన రైతు పగ్గము వదులుచేసి, దారి చూపు భారమును దానికే విడిచిపెట్టును.

అడవిలో వార్త నడచు తీరు

గుఱ్ఱము వినునది తన జాతి మాటలనే కాదు. అడవి అంతయు వినునది, అడవి అంతటి వార్తలను మోయునది పక్షి. పసులపోలిగాడు పశువుల వీపులపై కూర్చుండి, వాని అడుగులకు లేచు మిడుతలను, పురుగులను పట్టుకొని తినును. తన గూటి దాపునకు వచ్చిన కాకిని, గ్రద్దను సైతము వెంటాడి తఱుమును. దాని ధైర్యమును ఆశ్రయించి పావురములు, పికిలిపిట్టలు దాని గూటికి దగ్గఱగా తమ గూళ్లు కట్టుకొనును.

ఈ కొండల దట్టపు అడవులలో దాని జ్ఞాతి ఒకటి గలదు. తోక చివర రెండు పొడవైన తీగలు, తీగల కొనలయందు చిన్న ఈకకుచ్చులు గల నల్లపిట్ట. పలుజాతుల పక్షులు కలసి మేతకు తిరుగు గుంపులలో ఇది కావలివాడు. శ్రీలంక అడవులలో దీనిని పరిశీలించినవారు ఒక వింత గమనించిరి: డేగ వంటి శత్రువు కనబడినప్పుడు ఇది తన కూతతోపాటు ఇతరపక్షుల ప్రమాదపుకూతలను గూడ వానివాని గొంతులలోనే కూయును. ఆఫ్రికాలో దీని జాతిదే అగు పిట్ట ఒకటి ఈ నేర్పును మోసమునకు వాడును. లేని ప్రమాదమును ఉన్నట్లు కూసి, బెదరిన జంతువులు విడిచిన ఆహారమును తన్నుకొనిపోవును. అందుచే అడవిలో కూత వినుట ఒక్కటే చాలదు. ఎవరు కూసిరి, ఎప్పుడు కూసిరి అని తెలిసికొనుటయు కావలెను. కొండముచ్చు కొమ్మపైనుండి కూసినచో క్రింది దుప్పులు తలలెత్తును. దుప్పి కూసినచో కొండముచ్చు పైకొమ్మకు పాకును. జాతులు వేఱైనను భయము ఒక్కటే అయిన చోట భాష ఒక్కటే అయినది.

కొండగోరింక మాటలాడు పక్షియని పంజరములలో బంధించువారు, అది అడవిలో ఎట్లు పలుకునో ఎఱుగరు. అడవిలోని కొండగోరింక ఇతరపక్షులను అనుకరింపదు. తన ఇరుగుపొరుగుననున్న తనజాతి పక్షుల పిలుపులను మాత్రమే నేర్చును. మగది మగదానినుండి, ఆడుది ఆడుదానినుండి. సుమారు 14 కిలోమీటర్లు దాటినచో ఆ పిలుపులు దాదాపు పూర్తిగా మారిపోవునని అస్సాము ప్రాంతమున పరిశోధించిన బెర్‌ట్రామ్ 1970లో వ్రాసెను. ఇరుగుపొరుగును చూచి నేర్చుటకు పుట్టిన ఆ పక్షి, పంజరములో మనుష్యుడు తప్ప పొరుగువాడు లేక మనుష్యుని మాట నేర్చుకొనుచున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని పట్టుట నిషేధించినది. దాని స్వభావము తెలిసినవానికి చట్టముతో చెప్పించుకొనవలసిన పని లేదు.

హార్న్‌బిల్ అని పిలువబడు కొమ్ముముక్కు పక్షుల సంసారము మఱియొక ఆశ్చర్యము. ఆడుపక్షి చెట్టుతొఱ్ఱలో చేరి, తన రెట్టతోను మట్టితోను ద్వారమును మూసి, సన్నని చీలిక మాత్రమే విడిచి, లోపల గ్రుడ్లు పొదుగును. వారముల తరబడి మగపక్షి మఱ్ఱిపండ్లు, రావిపండ్లు తెచ్చి ఆ చీలికగుండ అందించును. ఆ మగపక్షిని ఎవడైన వేటాడినచో లోపలి తల్లికిని పిల్లలకును ముప్పే. ఈ పక్షులు మ్రింగి దూరముగా విడిచిన గింజలే అడవికి నాట్లు. పెద్దతొఱ్ఱలున్న ముదురుచెట్లను కొట్టివేసినచో ఈ పక్షి ఉండదు. ఈ పక్షి లేనిచో కొత్తచెట్లు తగ్గును.

> మన్యపు పక్షులు, శాస్త్రపు పుటలు
>
> • 1929–31 నడుమ జరిగిన వెర్నే పరిశోధనయాత్ర తూరుపు కనుమల పక్షులను తొలిసారిగా విస్తృతముగా సేకరించినది. లంబసింగి పరిసరములు పక్షిశాస్త్రజ్ఞులకు నాటినుండి నేటిదాక ప్రియమైనవే.
>
> • విశాఖపట్టణపు పక్షిశాస్త్రజ్ఞుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేర ఇక్కడి అబాట్ బాబ్లర్ ఉపజాతికి 1985లో రిప్లే, బీలర్ ‘కృష్ణరాజుయి’ అని నామకరణము చేసిరి.
>
> • లోకమునందలి పెంపుడుకోళ్లకు మూలపురుషుడగు ఎఱ్ఱ అడవికోడి ఈ కొండలలో గలదు. గోదావరికి దక్షిణముగా బూడిదవన్నె అడవికోడి రాజ్యము.
>
> • తెల్లవారుజామున మొదట కూయు హక్కు గుంపులో పెద్ద కోడిపుంజుదే. మిగిలినవి హోదా వరుసలో కూయునని 2015లో జపాను పరిశోధకులు కనుగొనిరి.
>
> • తేనెటీగల నాట్యభాషను చదివిన కార్ల్ ఫాన్ ఫ్రిష్, మఱియిద్దఱు జంతుప్రవర్తన శాస్త్రజ్ఞులతో కలసి 1973లో నోబెల్ బహుమతి పొందెను.

బడికి పోవు పిల్లవాడు ఏమి మఱచును?

బాట వచ్చినచో మొదట మోటారుసైకిలు వచ్చును. తరువాత ఆటో, జీపు. మోటారు వాహనము అలసిపోదు; వానకాలమున దానికి గడ్డి కోయవలసిన పని లేదు. కావున రైతు గుఱ్ఱమును విడిచి దానిని కొనుట న్యాయమే. పేదవానిని గుఱ్ఱమునకు కట్టివేసి, పట్టణమునుండి వచ్చి చూచి ఆనందించుట మానవత్వము కాదు. గుఱ్ఱమునకును ఈ మార్పులో కొంత మేలున్నది: అధికభారము, వీపుపుండ్లు, అరిగిన గిట్టలతో రాళ్లపై నడక – ఇవి పోవును.

కాని పనిలేని గుఱ్ఱమునకు జరుగు గతిని గూర్చి ఎవరును ఆలోచించుట లేదు. సగటున పాతిక ముప్పదియేండ్లు బ్రదుకు ప్రాణి అది. మోత మానిన పిమ్మటను దానికి పది పదునైదేండ్ల ఆయువు మిగులును. అమ్మినచో చేతులు మారి ఎక్కడికి పోవునో తెలియదు; విడిచినచో రోడ్డుపై వాహనముల క్రింద పడును. పశువైద్యశిబిరములు ఆవులకు, గేదెలకు, మేకలకు జరుగుచున్నవి. గుఱ్ఱమునకు ధనుర్వాతపు టీకా, గిట్టల సంరక్షణ, పండ్ల పరీక్ష తెలిసినవారు కొండపైకి పోవుట అరుదు. గిట్ట లేనిదే గుఱ్ఱము లేదు. ఆ గిట్టను సరిగా చెక్కుట ఒక పనితనము, దానిని కొండయువకులకు నేర్పుట పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

రెండవ నష్టము ఇంతకంటె సూక్ష్మమైనది. తాతతో గుఱ్ఱము వెంట నడచిన బాలుడు, చెవులను చూచి ప్రమాదమును, పిట్టకూతను విని మృగపు సంచారమును, చీమల వరుసను చూచి వానను ఊహించుట నేర్చుకొనెను. జీపులో కూర్చుండి ఆశ్రమపాఠశాలకు పోవు బాలునికి ఆ నడక లేదు. ఇంజను మ్రోతలో ఆ కూత వినబడదు. అతడు బడిలో జంతుశాస్త్రమును చదువును. పుస్తకములో గుఱ్ఱపు చిత్రమునకు భాగములు గుర్తించును. అతని తాతకు తెలిసినది మాత్రము ఏ పరీక్షలోను ప్రశ్నగా రాదు. భగత, కొండదొర, కొండకమ్మర మొదలగు కుటుంబములలో తరములుగా నిలిచిన ఈ పరిశీలనజ్ఞానము ‘చదువులేనివారి మాట’గా ప్రక్కకు నెట్టబడుచున్నది. ససెక్స్‌లో, బెర్లినులో, శ్రీలంకలో పరిశోధకులు పరికరములతో ఋజువు చేసినవానిలో కొన్నిటిని కొండరైతు తన చేతితో, కంటితో ఎఱిగియుండెను. వానికి వీనికి వైరము లేదు. ఒకదానినొకటి బలపఱచు సాక్ష్యములవి.

చేయదగిన పనులు

బాట ఆగరాదు. డోలీ కనబడని దినము ఎంత త్వరగా వచ్చిన అంత మంచిది. దానితోపాటు చేయదగినవి మూడు గలవు. మొదటిది, పశుసంవర్ధకశాఖ కొండగ్రామములలో జరుపు శిబిరములలో గుఱ్ఱములను లెక్కించి, వైద్యము చేసి, గిట్టల పనిని యువకులకు నేర్పుట. 1965 నాటి నియమములను తెలుగులో అచ్చువేసి సంతలలో అంటించుట. రెండవది, ఆశ్రమపాఠశాలలలో నెలకొక దినము గ్రామవృద్ధుని గురువుగా పిలిచి, పిల్లలను అడవిదారిని నడిపించి, ఏ కూత ఏ పిట్టది, ఏ చెవి కదలికకు ఏమి అర్థమో చెప్పించి, ఆ చెప్పినదానిని పిల్లలచేతనే వ్రాయించుట. ఆ వ్రాతలే రేపు మన్యపు జంతుజాలమునకు తొలి తెలుగు గ్రంథము కాగలవు. మూడవది, కొత్త రోడ్ల ప్రక్కల ముదురుచెట్లను, తొఱ్ఱలున్న చెట్లను గుర్తించి విడిచిపెట్టుట.

ఇందులో ఏ ఒక్కటియు కోట్లతో పనిగాదు. కావలసినది ఒక మర్యాద: ఎదుటిప్రాణి ఏమి చెప్పుచున్నదో తొందరపడక కనిపెట్టు మర్యాద. హాన్స్ రహస్యమును విని నిరాశ చెందినవారికి లేనిది అదియే. పరుగెత్తి బ్రదుకుటకు పుట్టిన జంతువు, తన భయమునంతను అణచుకొని, మనుష్యుని వెంట లోయ అంచున బరువుతో నడచుట ఎట్లు సాధ్యమైనదో ఆలోచించినచో కారణము ఒక్కటే కనబడును. మనుష్యుడు దానిని చూచెను, అది మనుష్యుని చూచెను, ఇద్దఱును ఒకరినొకరు నమ్మిరి. రోడ్డు వచ్చిన పిమ్మట గుఱ్ఱపు అవసరము తీరిపోవచ్చును. ఆ చూపు అవసరము తీరదు. వాగు లోతును, ఎలుగు కోపమును, ఏనుగు దారిని, అడవినిప్పు గాలిని తెలిసికొని బ్రదుకవలసిన కొండలో, ప్రాణుల ప్రవర్తనమును చదువుట వినోదము కాదు, రక్షణము. కొయ్యూరు కొండలలోని పెద్దలకు ఆ చదువు ఇంకను కంఠస్థమై యున్నది. వారు జీవించియుండగానే దానిని పిల్లలకు అందించు బాధ్యత ప్రభుత్వమునకు ఎంత గలదో, పాఠశాలకును మనకును అంతే గలదు.